మీ డాబాకు ఎన్ని కిలోవాట్లు?



ముందుగా ఒక చిన్న కోరిక. ఈ మాటలు వినేటప్పుడు మీ ఇంటి కరెంటు బిల్లు చేతిలో ఉంటే బాగుంటుంది. ఏ నెలదైనా సరే. పక్కన ఒక కాగితం, పెన్ను ఉంటే మరీ మంచిది. అంకెలు నిదానంగానే చెబుతాను.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్ఫై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, బిల్లుల తగాదాలు, అర్ధరాత్రి ఫోన్లు, అన్నీ చూశాను. రిటైరయ్యాక ఇంకో పని తగులుకుంది. బంధువుల్లో ఎవరికి సోలార్ పెట్టించుకోవాలని బుద్ధి పుట్టినా నాకే ఫోన్ చేస్తారు. "ఎన్ని కిలోవాట్లు పెట్టించమంటావు?" అని అడుగుతారు. ఫోన్‌లో చెప్పే జవాబు కాదది. ఒంటి కొలత చూడకుండా దర్జీ చొక్కా కుట్టలేడు కదా, ఇదీ అంతే.

కిందటి డిసెంబరులో తెనాలి నుంచి మా అక్కయ్య ఫోన్ చేసింది. "తమ్ముడూ, నాకు పిచ్చెక్కిపోతోందిరా. ఒకాయన వచ్చి మా మే నెల బిల్లు చూసి మూడు కిలోవాట్లు అన్నాడు. ఇంకొకాయన డాబా ఎక్కి చూసి, ఇంత చోటుండగా మూడేంటమ్మా, అయిదు వేయించుకోండి అన్నాడు. డల్లాస్ నుంచి పెద్దవాడేమో, ఇక్కడ అందరూ ఎనిమిదీ పదీ పెట్టించుకుంటారమ్మా, మళ్లీ మళ్లీ చేసే పనా, ఎనిమిది పెట్టించెయ్ అంటున్నాడు. నువ్వేమంటావు?"

"నేనేమీ అనను అక్కయ్యా. ఎల్లుండి వస్తాను. ఏడాది బిల్లులు తీసిపెట్టు" అన్నాను.

ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు ఒక్క నెల చూశారు. ఒకరు చోటు చూశారు. మా మేనల్లుడు తానుండే ఊరు చూశాడు. అమెరికాలో సగటు ఇల్లు నెలకు దాదాపు 900 యూనిట్లు వాడుతుంది. ఇల్లంతా ఏసీ, బట్టలు ఆరబెట్టడానికి కూడా ఒక మెషిను. అక్కడ ఎనిమిది కిలోవాట్లు ఎక్కువేమీ కాదు. తెనాలిలో ఇద్దరు పెద్దవాళ్లుండే ఇంటికి ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఆ ఇంట్లో వాళ్లు ఏడాది పొడుగునా ఎలా బతుకుతున్నారో మాత్రం ఎవరూ చూడలేదు. కొలత మొదలవ్వాల్సింది అక్కడ.

ముందుకు వెళ్లే ముందు రెండు మాటలు విడదీసుకుందాం. కిలోవాటు, యూనిట్. చదువుకున్నవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. కిలోవాటు అంటే కొళాయి ధార. యూనిట్ అంటే నిండిన బిందె. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు కాలితే ఒక యూనిట్. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగినా అదే ఒక యూనిట్. మీరు డబ్బు కట్టేది బిందెలకు. డాబా మీద పెట్టించేది కొళాయి. ఏడాదికి ఎన్ని బిందెలు కావాలో తెలిస్తేనే ఎంత కొళాయి పెట్టాలో తెలుస్తుంది.

మన ప్రాంతంలో ఒక కిలోవాటు సోలార్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. చైత్ర వైశాఖాల్లో అయిదు దాకా వస్తుంది. ముసురు పట్టిన రోజు ఒకటి కూడా రాకపోవచ్చు. ఏడాది మొత్తానికి కిలోవాటుకు 1,400 యూనిట్లు అని పెట్టుకుంటే లెక్క తప్పదు. ఈ అంకె రాసుకోండి. కిలోవాటుకు ఏడాదికి 1,400 యూనిట్లు.

తెనాలి వెళ్లేసరికి అక్కయ్య పీట మీద బిల్లుల కట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. రెండు నెలల బిల్లులు కనబడలేదు. బావగారు గోడకున్న వెంకట్రామా క్యాలెండరు తీసుకొచ్చారు. పాల లెక్క పక్కనే, మీటరు చూడటానికి మనిషి వచ్చినప్పుడల్లా రీడింగు రాసిపెట్టారాయన. అలా రాసిపెట్టే ఇళ్లంటే నాకెంతో గౌరవం. మీ బిల్లులు దొరక్కపోతే సర్వీసు నెంబరు పట్టుకుని మీ కరెంటు పంపిణీ సంస్థ, అదే డిస్కం, వెబ్‌సైటులో గాని, సెక్షన్ ఆఫీసులో గాని పాత వాడకం చూసుకోవచ్చు.

పన్నెండు నెలలూ వరసగా రాశాం. డిసెంబరు, జనవరి 130 చొప్పున. ఫిబ్రవరి 140. మార్చి 190. ఏప్రిల్ 290. మే 360. జూన్ 310. జూలై 230. ఆగస్టు 220. సెప్టెంబరు 210. అక్టోబరు 190. నవంబరు 140. మొత్తం 2,540 యూనిట్లు.

ఆ అంకెల్లో ఒక సంసారం కనబడుతుంది. చలికాలంలో ఇద్దరే మనుషులు, ఫ్యాన్లు ఆగిపోతాయి. ఏప్రిల్లో పిల్లలకు పరీక్షలు అయిపోగానే హైదరాబాదు నుంచి కూతురు మనవలతో దిగుతుంది. మేడ మీద గదిలో ఏసీ వేస్తారు. జూన్‌లో బళ్లు తెరిచేదాకా ఇల్లు కళకళలాడుతుంది. మే నెల బిల్లు చూసి మూడు కిలోవాట్లు అన్నాయన ఆ కళకళనే ఏడాదంతా అనుకున్నాడు.

2,540ని 1,400తో భాగిస్తే 1.8 వస్తుంది. అంటే రెండు కిలోవాట్లకు లోపే. మూడు కాదు, అయిదు కాదు, ఎనిమిది అసలే కాదు.

"మరి మే నెలలో 360 వాడతాం కదరా, రెండు కిలోవాట్లు చాలుతాయా?" అంది అక్కయ్య. మంచి ప్రశ్న. దీనికి జవాబు నెట్ మీటరులో ఉంది. పగలు డాబా మీద తయారైన కరెంటు ముందు ఇంట్లో ఖర్చవుతుంది. మిగిలింది మీటరు దాటి వీధి లైనులోకి పోతుంది. రాత్రి మనకు కావాల్సింది లైను నుంచి తీసుకుంటాం. వచ్చినవి ఎన్ని, పోయినవి ఎన్ని, మీటరు రెండూ విడివిడిగా రాస్తుంది. బిల్లు ఆ తేడాకే. మే నెలలో రెండు కిలోవాట్లు 360కి చాలవు. కొంచెం కడతారు. కడితే తప్పేమిటి? ఎందుకు తప్పు కాదో చెబుతాను, ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి. సోలార్ అమ్మేవాళ్లు దాదాపుగా చెప్పని సంగతి ఇది.

మన కరెంటు ధర అన్ని యూనిట్లకూ ఒకటి కాదు. మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు యూనిట్‌కు 1 రూపాయి 90 పైసలు. అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6 రూపాయలు. 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయి, వాటిని పక్కన పెడదాం.

నెలకు 360 యూనిట్లు వాడే ఇంటినే తీసుకుందాం. ఆ శ్లాబుల ప్రకారం బిల్లు సుమారు 2,198 రూపాయలు. ఆ ఇంటి మీద ఒక్క కిలోవాటు పెట్టారు. నెలకు 120 యూనిట్లు వచ్చాయి. ఆ 120 బిల్లులో ఎక్కడ తగ్గుతాయి? పైనుంచి తగ్గుతాయి. 8 రూపాయల 75 పైసల మెట్టులో. అంటే మొదటి కిలోవాటు నెలకు 1,050 రూపాయలు మిగిల్చింది. రెండో కిలోవాటు పెట్టారు. ఇంకో 120 తగ్గాయి. ఇవి చాలామటుకు 6 రూపాయల మెట్టువి. మిగిలింది దాదాపు 754 రూపాయలు. మూడో కిలోవాటు పెట్టారు. అడుగున ఉన్న చవక యూనిట్లు తగ్గాయి. ఈసారి మిగిలింది 394 రూపాయల 50 పైసలు.

మళ్లీ చెబుతాను. మొదటి కిలోవాటు 1,050. రెండోది 754. మూడోది 394. సోలార్ పలకలు అవే, ఎండా అదే. మూడోది సంపాదించేది మాత్రం మొదటిదాంట్లో సగం కూడా లేదు. పైగా కేంద్రం ఇచ్చే రాయితీ కూడా మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున ఉంటే, మూడోదానికి 18,000 మాత్రమే. మూడు దాటితే పైసా రాదు. ఎంత పెద్దది పెట్టినా మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లెక్క ఇది.

అందుకే బిల్లును సున్నా చెయ్యడమే గొప్ప అనే మాట నాకు నచ్చదు. 8 రూపాయల 75 పైసల యూనిట్లను తీసెయ్యడానికి డబ్బు పెట్టండి, పెట్టిన అసలు తొందరగా చేతికొస్తుంది. రూపాయి తొంభై పైసల యూనిట్ల కోసం అప్పు చెయ్యకండి. డాబా మీద తయారై మిగిలిపోయిన యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర కూడా మనం పై మెట్టులో కొనే ధరతో పోలిస్తే చాలా తక్కువ. అమ్ముకుని లాభం తీద్దామని పెద్ద సిస్టం పెట్టించినవాళ్ల ఇళ్లకు వెళ్లాను. పిల్లలు పై చదువులకు వెళ్లిపోయారు, ఇంట్లో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డాబా నిండా పలకలు. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా సాగుతూనే ఉంది. చూస్తే బాధేసింది.

తెలంగాణలో ఉన్న శ్రోతలకు ఒక మాట. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హుల ఇళ్లకు బిల్లు లేదు. అలాంటి ఇంట్లో మిగల్చడానికి డబ్బే లేనప్పుడు సొంత ఖర్చుతో సోలార్ అనేది తొందరపడాల్సిన పని కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో లాగా ఊరంతటికీ ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున పెట్టడం వేరు. అది ప్రభుత్వం ఊరు మొత్తానికి వేసుకున్న లెక్క. మన జేబులోంచి పెట్టేటప్పుడు మన ఇంటి లెక్క మనం వేసుకోవాలి.

అక్కయ్య ఇంటికి వద్దాం. 1.8 అని తేలింది. ఇక్కడ ఆగితే సగం పనే చేసినట్టు. ఆ 2,540 యూనిట్లలో అక్కర్లేకుండా పోతున్నవెన్నో చూడాలి. ఇల్లంతా తిరిగాం. ట్యూబులైట్ల బదులు ఎల్‌ఈడీలు ఎప్పుడో వచ్చాయి. ఫ్రిజ్ కొత్తదే, రోజుకు ఒక యూనిట్ చుట్టూ తింటుంది. మోటారు అరగంట వేస్తారు. ఫ్యాన్లు మాత్రం పెళ్లినాటివి. ఆరున్నాయి, వాటిలో నాలుగు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. పాతకాలపు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 30 వాట్లు లాగుతుంది. ఒక్కోదానికి 45 వాట్ల తేడా. నాలుగింటికి 180. రోజుకు పన్నెండు గంటలు వేస్తే రెండు యూనిట్ల పైచిలుకు. చలి నెలలు తీసేసి ఏడాదికి 250 రోజులనుకున్నా 540 యూనిట్లు.

నాలుగు ఫ్యాన్లు పన్నెండు వేల లోపే వచ్చాయి. ఆ 540 యూనిట్లను డాబా మీద తయారుచెయ్యాలంటే ఒక పలక దాకా కావాలి. పలక, ఫ్రేము, వైరింగు, బిగింపు కూలీ కలిపితే ఆ ఖర్చుకు రెట్టింపు. కాబట్టి ముందు ఫ్యాన్లు మార్చండి, తర్వాత సోలార్ కొలత వేయండి. ఈ వరస తిరగేస్తే డబ్బు దండగ.

540 తీసేస్తే 2,000 మిగిలాయి. ఇంకా చిన్న సిస్టం చాలునేమో అనిపిస్తుంది. కానీ కొలత నిన్నటికి మాత్రమే వేస్తే రేపు బిగుతైపోతుంది. "రాబోయే రెండు మూడేళ్లలో ఏమేం కొనాలనుకుంటున్నారు?" అని అడిగాను. బావగారు మెల్లగా నోరు విప్పారు. "బ్యాటరీ స్కూటరు చూసొచ్చానయ్యా. మీ అక్కకు ఇంకా చెప్పలేదు." అక్కయ్య వంటింట్లోంచే "నాకు తెలుసులెండి, నాకూ ఇండక్షన్ స్టవ్ కావాలి" అంది. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగే స్కూటరుకు ఏడాదికి 300 యూనిట్లు. పాలు కాచుకోవడం, కాఫీ, అన్నం దాకా ఇండక్షన్ మీద చేస్తే రోజుకో యూనిట్, అంటే ఏడాదికి 365. రెండూ కలిపితే 2,665. సరిగ్గా మళ్లీ రెండు కిలోవాట్ల దగ్గరికే వచ్చాం. కాకపోతే ఇప్పుడు ఆ రెండు కిలోవాట్లలో పెట్రోలు ఖర్చూ గ్యాసు ఖర్చూ కూడా ఇమిడిపోయాయి.

అంకె కుదిరింది. దాన్ని డాబా ఒప్పుకోవాలి కదా. అక్కయ్యగారి డాబా 1,200 చదరపు అడుగులు. ఇంకొకాయన చోటు చూసి అయిదు అన్నాడు. ఆయన వచ్చింది ఆగస్టులో, పట్టపగలు. ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు. దేనికీ నీడ పడదు. నేను వెళ్లింది ధనుర్మాసంలో. ఏడాదిలో నీడలు అన్నిటికంటే పొడుగ్గా సాగే నెల అది. సోలార్‌కు చోటు చూడాలంటే ముగ్గుల నెలలోనే చూడాలి.

వాకిట్లో ముగ్గేసిన చిప్ప ఇంకా అరుగు మీదే ఉంది. దాన్ని డాబా మీదికి తెమ్మన్నాను. వాస్తు ప్రకారం మెట్ల గది నైరుతిలో కట్టారు, దాని మీద నీళ్ల ట్యాంకు. కింది నుంచి ట్యాంకు మూత దాకా పన్నెండు అడుగులు. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఇదే ఏర్పాటు. పొద్దున తొమ్మిదింటికి దాని నీడ వాయవ్యంగా సాగి పిట్టగోడ దాటి పక్కింటి పెరట్లో పడింది. మన డాబాకు నష్టం లేదు. నీడ అంచున అక్కయ్య ముగ్గుపిండితో గీత గీసింది. పన్నెండింటికి నీడ పదడుగులై సూటిగా ఉత్తరానికి తిరిగింది. ఇంకో గీత. మూడింటికి మళ్లీ ఎక్కాం. అప్పుడు చూడాలి. ఇరవై అడుగుల నీడ ఈశాన్యంగా, డాబా నడిమధ్యకు వచ్చి పడుకుంది. దానికి తోడు పక్కవాళ్ల కొబ్బరిచెట్టు ఆకులు. మూడు గీతలూ కలిపి చూస్తే 1,200 అడుగుల్లో పొద్దంతా ఎండ తగిలే చోటు ఆగ్నేయం మూల నుంచి తూర్పు పిట్టగోడ వెంట 400 అడుగులే మిగిలింది. అక్కయ్య ఆ ముగ్గుగీతల మధ్య నిలబడి, "నలభై ఏళ్లుగా ఈ డాబా మీద వడియాలు పెడుతున్నానురా, మూడింటికి ఇక్కడ నీడొస్తుందని నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అంది. నిజమే. ఎండెక్కడ పడుతుందో, ఎప్పుడు తప్పుకుంటుందో వడియాలు పెట్టే మనిషికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? చోటు చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు ఆవిణ్ణి అడగాల్సింది.

నీడ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పలకలను ఒకదానికొకటి దండలా గుచ్చి ఇన్వర్టరుకు కలుపుతారు. ఒక పలక మీద ట్యాంకు నీడ పడితే ఆ ఒక్కటే కాదు, వరసలో కరెంటు పారడమే తగ్గుతుంది. పలక లోపల బైపాస్ డయోడ్లని ఉంటాయి, కొంత కాపాడతాయి. నీడలో పెట్టి డయోడ్లను నమ్ముకునే బదులు ఎండలో పెట్టడం సులువు.

ఇప్పుడొస్తున్న 540 వాట్ల పలక ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. నాలుగు పలకలైతే 2.16 కిలోవాట్లు. తుడవడానికి మనిషి తిరిగే సందు కలుపుకుని 200 అడుగులు చాలు. 400లో హాయిగా పట్టాయి. దక్షిణానికి తిప్పి పదిహేను డిగ్రీల వాలు పెడితే మన అక్షాంశానికి సరిపోతుంది, వానకు దుమ్ము కూడా కొట్టుకుపోతుంది. కింద వడియాలకు చోటుండాలని ఎత్తు ఫ్రేము అడిగింది అక్కయ్య. ఇవ్వొచ్చు. కానీ కోస్తాలో ఎత్తు ఫ్రేము అంటే తుపాను గాలి గుర్తు పెట్టుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో ఏం చేసిందో మర్చిపోయే సంగతా? ఇనుము మందం, పాదాల దగ్గర కాంక్రీటు దిమ్మ, బోల్టులు, వీటి దగ్గర నాలుగు రూపాయలకు కక్కుర్తి పడవద్దు.

ఇంకొక అపోహ. "మాది రెంటచింతల పక్కన, ఎండలు మండిపోతాయి, మాకు ఎక్కువ వస్తుంది కదండీ" అంటారు కొందరు. పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. పలక మీద రాసే 540 అనే అంకె, లోపలి సెల్ 25 డిగ్రీల వేడిలో ఉండగా కొలిచింది. మే నెల మిట్టమధ్యాహ్నం ఆ సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. ఒక్కో డిగ్రీకి రమారమి 0.35 శాతం చొప్పున నలభై డిగ్రీలకు 14 శాతం పోతుంది. 540 కాస్తా 464 అవుతుంది. అందుకే పలకల మొత్తం 2.16 ఉన్నా ఇన్వర్టరు 2 కిలోవాట్లది చాలు. పలకల కింద గాలి ఆడేలా జాగా వదలాలనడం కూడా ఇందుకే.

ఇక నా మనసుకు దగ్గరి విషయం. "కరెంటు పోయినా మనకు సోలార్ ఉంటుంది కదా" అని బావగారన్నారు. ఉండదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సిస్టం, వీధిలో కరెంటు పోయిన క్షణంలో తనూ ఆగిపోతుంది. ఎండ కాస్తూనే ఉంటుంది, పలకలు ఖాళీగా ఉంటాయి. ఇది తెలియక పెట్టించుకుని, మోసపోయామని తిట్టుకునేవాళ్లున్నారు. దయచేసి తిట్టుకోకండి. అలా ఆగిపోవడం ఒక మనిషి ప్రాణం కోసం.

మా లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుని, లైను చచ్చిందన్న నమ్మకంతో స్తంభం ఎక్కుతాడు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక వానాకాలం రాత్రి ఒక కుర్రవాడు అలాగే ఎక్కాడు. ఆ వీధిలో ఒక చోట, జనరేటరు కరెంటు లైనులోకి పోకుండా ఆపే ఛేంజోవరు స్విచ్ లేకుండా జనరేటరు నడుపుతున్నారు. ఆ కరెంటు ఎదురు తిరిగి ట్రాన్స్‌ఫార్మరులోకి పాకింది. ఇంట్లో 230 వోల్టులు అటు వైపు 11,000 అవుతాయి. ఆ కుర్రవాడు బతికాడు. కుడిచెయ్యి మోచేతి కిందికి లేదు. ఆసుపత్రిలో వాళ్లమ్మ నన్ను అడిగిన మాట, "లైను ఆపామన్నారు కదయ్యా" అని. ఆవిడకు నా దగ్గర జవాబు లేదు. మీ డాబా మీది ఇన్వర్టరు కరెంటు పోగానే ఆగిపోతుందంటే, మీ వీధి స్తంభం మీదున్న మనిషిని అది చూసుకుంటోందని అర్థం. ఆగకుండా ఉండేలా ఎవరైనా ఏదో వైరు కలుపుతానంటే ఆ మనిషిని గేటు దాటనివ్వకండి.

కరెంటు కోతల్లో వెలుతురు కావాలంటే దానికి బ్యాటరీ లెక్క వేరే వేసుకోవాలి. ఏసీ, గీజరు, మోటారు దానిలో కలపకండి. అక్కయ్య ఇంట్లో కోతప్పుడు తప్పనిసరివి మూడు కొత్త ఫ్యాన్లు, అయిదు దీపాలు, వైఫై డబ్బా. మొత్తం 150 వాట్లు. నాలుగు గంటలకు 600 వాట్-అవర్లు. ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న 150 ఏహెచ్, 12 వోల్టుల ఇన్వర్టరు బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపితే తొందరగా చస్తుంది. సగం అంటే 900, ఇన్వర్టరు తినేది పోగా 750 చేతికొస్తుంది. చాలు. ఉన్న బ్యాటరీ ఉండగా, బ్యాటరీనీ కలుపుకుని పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ అంటూ లక్ష రూపాయలు కలపనక్కర్లేదని చెప్పాను. రోజూ గంటల తరబడి కరెంటు ఉండని ఊళ్లలో, ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే హైబ్రిడ్ అవసరమే. అక్కడ కూడా రాత్రికి తప్పనిసరి వాడకం ఎంతో రాసుకున్నాకే కొనాలి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. రాయితీ కావాలంటే దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో పెట్టాలి, పలకలూ వాటిలోని సెల్సూ మన దేశంలో తయారైనవే ఉండాలి. సొమ్ము పని పూర్తయి నెట్ మీటరు బిగించాక మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. కొటేషన్ మూడు చోట్ల తీసుకోండి. ధర కంటే ముందు ఒకటి చూడండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో రాతపూర్వకంగా ఇవ్వమనండి. కిలోవాటుకు 1,400కు బాగా ఎక్కువ రాస్తే ఎలా వస్తాయో అడగండి. ఎర్తింగ్ విడిగా వేస్తున్నారో లేదో చూడండి. పలకల సామర్థ్యం ఏడాదికి అర శాతం పైచిలుకు తగ్గుతూ పోతుంది, పాతికేళ్లకు 80 శాతం ఉంటుందని కంపెనీలు హామీ ఇస్తాయి. ఆ హామీ కాగితం బిల్లులతో పాటు దాచండి. పలకల మీద దుమ్ము పేరుకుంటే యూనిట్లు తగ్గుతాయి. తెల్లవారుజామునో, సాయంత్రం చల్లబడ్డాకో మామూలు నీళ్లతో కడగండి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పొయ్యకండి.

అక్కయ్య ఇంటికి మార్చి ఆఖరులో నాలుగు పలకలు ఎక్కాయి. ఏప్రిల్లో కూతురూ మనవలూ వచ్చారు, ఏసీ నడిచింది. అయినా మే మొదట్లో ఫోన్ చేసి బిల్లు చదివింది. లైను నుంచి వచ్చినవి 172, లైనులోకి పోయినవి 204. "అంటే వాళ్లే మనకు బాకీ ఉన్నారన్నమాట" అంది. "మే నెల చూడు అక్కయ్యా, నువ్వే వాళ్లకు బాకీ పడతావు" అన్నాను. "పడితే పడతాను, మనవలున్నారు కదా" అంది. బావగారు ఇప్పుడు క్యాలెండరులో పాల లెక్క పక్కన రెండు గళ్లు గీశారు. ఒకదాంట్లో వచ్చినవి, ఒకదాంట్లో పోయినవి. రోజూ సాయంత్రం స్కూటరు ఛార్జింగుకు పెట్టి, మీటరు చూసి, రాసి, అప్పుడు కాఫీ తాగుతారు.